కంకిపాడు టంకం

మా లైనులో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. వైరు అతికించిన చోట కాస్త వదులుగా కనిపిస్తే చాలు, "ఏంట్రా ఇది, కంకిపాడు టంకమా?" అంటారు. ఈమధ్య గవర్నర్‌పేటలో ఒక సీసీ కెమెరాల షాపుకి పనిమీద వెళ్ళి కూర్చుంటే, అక్కడ పనిచేసే ఒకతను పక్కవాడితో ఇదే మాట అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కంకిపాడులో ఏం జరిగిందో అన్నవాడికీ తెలియదు, విన్నవాడికీ తెలియదు. అది జరిగేనాటికి వాళ్ళు పలకా బలపం కూడా పట్టి ఉండరు.

నాకు తెలుసు. ఆ టంకం ఊడలేదు. మా లైనులో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న మీకు ఆ మాట నోటికి అలవాటు కాకముందే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

తొంభైల చివరి రోజులు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, కొన్నాళ్ళు ఫ్యాన్లు బిగించి, చివరికి బెజవాడలో దొంగల అలారాలు అమ్మే ఒక చిన్న షాపులో కుదిరాను. అలారం అంటే అప్పటిదాకా బ్యాంకులకీ బంగారు కొట్లకీ ఉండేది. ఇళ్ళకి పెట్టించుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం వైపు వ్యవసాయంతో పాటు ఏదో ఒక వ్యాపారంలో దిగి నిలదొక్కుకున్నవాళ్ళు కొత్త డాబాలు కట్టుకునేవాళ్ళు. గ్రిల్సు, మొజాయిక్ గచ్చు అయ్యాక ఇది కూడా ఉండాలని ముచ్చటపడేవాళ్ళు. ఇంటి ముందు గోడమీద ఎత్తుగా ఎర్రటి డబ్బా కనపడితే వీధిలో అదొక గౌరవం. దాన్నే బెల్ బాక్సు అంటాం. మా సీనియరు మాత్రం గంటడబ్బా అనేవాడు.

ఆయనది వన్‌టౌన్. షాపు ఓనరు దగ్గర్నుంచి ఎదురుగా టీకొట్టు ఆయన దాకా అందరికీ ఆయన భాయ్. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మా షాపుకి రాకముందు ఆటోనగర్‌లో లారీలకి వైరింగు చేసేవాడు. హారన్లు, హెడ్‌లైట్లు, డైనమోలు. లారీకి వేసిన అతుకు ఏ గతుకుల రోడ్డులోనూ ఊడకూడదు కాబట్టి ఆయనకో పద్ధతి ఉండేది. వైరు కొసని రంధ్రంలోంచి తీసి, వెనక్కి వంచి, మెలిక మీద మెలిక వేసి, అప్పుడు దానిమీద టంకం పెట్టేవాడు. పెసరగింజంత బొట్టు, నున్నగా మెరుస్తూ ఉండేది. మేమంతా మెలిక లేకుండా వైరు ఆనించి టంకం చుక్క పడేసేవాళ్ళం.

"గోడేమైనా లారీలా ఊగుతుందా భాయ్, ఇంత బందోబస్తు దేనికి?" అని నేను వేళాకోళం చేస్తే, "గోడ ఊగదు బేటా, దొంగ ఊపుతాడు" అనేవాడు.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంట్లో తలుపులకీ కిటికీలకీ పెట్టిన స్విచ్చులన్నీ లోపల ఒక ప్యానెల్‌కి చేరతాయి. ఆ ప్యానెల్ నుంచి బయట గోడమీది బెల్ బాక్సుకి ఒక వైరు వెళుతుంది. తలుపు తెరుచుకుంటే ప్యానెల్ ఆ వైరులోంచి కరెంటు పంపి గంట మోగిస్తుంది. మరి దొంగ తెలివైనవాడై ముందే ఆ వైరు కోసేస్తే? అందుకని బెల్ బాక్సులోనే సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. వైరు తెగిన మరుక్షణం ఆ బ్యాటరీతో గంట తనంతట తనే మొదలుపెట్టాలి. అందుకే ఆ బ్యాటరీని గంటకి కలిపే పిన్నుని అన్నిటికంటే చివర్న పెట్టాలి. ప్యానెల్ వైరు తగిలించకుండా ముందే పిన్ను పెట్టామంటే వైరు తెగిందనుకుని గోల చేస్తుంది.

ఈ పాఠం నేను ఉయ్యూరు బస్సులో నేర్చుకున్నాను. పని తొందరగా అవుతుందని షాపులోనే పిన్ను సగం పెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెనమలూరు దాటాక ఒక గతుకులో పిన్ను పూర్తిగా దిగిపోయింది. నా ఒళ్ళో ఫైరింజను మొదలైంది. డ్రైవరు బ్రేకు వేశాడు, నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ మీద పడ్డారు. నేను మూత విప్పలేక కంగారుపడుతుంటే భాయ్ తాపీగా, "ఏం లేదండీ, ఇది దొంగ దగ్గరికొస్తే మోగే గంట" అన్నాడు. బస్సులో మగాళ్ళందరి చేతులూ జేబుల మీదికి వెళ్ళాయి. కండక్టరు మాత్రం ఆ డబ్బాకి లగేజీ టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. ఆ రోజు ఉయ్యూరులో దిగి చెరకురసం తాగుతూ భాయ్ నవ్విన నవ్వు నాకింకా చెవిలో ఉంది.

ఇక ఆయన పద్ధతుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది కోత. పనంతా అయ్యాక ఇంటివాళ్ళని పిలిచి, కటింగ్ ప్లయరు వాళ్ళ చేతికిచ్చి, బెల్ బాక్సుకి వెళ్ళే వైరుని వాళ్ళ చేతే కోయించేవాడు. గంట మోగాలి. అప్పుడు మళ్ళీ అతికించి, పైపు తొడిగి, దణ్ణం పెట్టి వచ్చేవాళ్ళం. మిగతా షాపులవాళ్ళు ఎవరూ ఇలా చేసేవాళ్ళు కాదు. బిగించిన వైరు మళ్ళీ కోసుకోవడం ఏమిటని మా ఓనరు కూడా విసుక్కునేవాడు. "మనం కోసి మోగిందంటే వాళ్ళు నమ్మినట్టు నటిస్తారండీ. పోయేది ఎవరి సొమ్మో వాళ్ళే కొయ్యాలి" అనేవాడు భాయ్.

ఆ కోత ఒక వేడుకలాగే ఉండేది. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని కోశారు. పటమటలో ఒకింట్లో ఎవరు కొయ్యాలని మొగుడూ పెళ్ళాం వాదులాడుకున్నారు. నగలు నావి కాబట్టి నేనే కోస్తానని ఆవిడ ప్లయరు లాక్కుంది. అది మోగగానే పిల్లలు చెవులు మూసుకుని ఇల్లంతా పరుగెత్తేవాళ్ళు. వీధిలో వాళ్ళు గేటు దగ్గరకొచ్చి చూసేవాళ్ళు. భాయ్ ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడి, సొంత ఇంట్లో శుభకార్యం జరుగుతున్నట్టు చూస్తూ ఉండేవాడు.

కంకిపాడులో ఎరువుల వ్యాపారం చేసే ఒకాయన కొత్త ఇల్లు కట్టి అలారం కావాలన్నాడు. నేనూ భాయ్ రెండు మూడుసార్లు వెళ్ళి లోపలి వైరింగు పూర్తిచేశాం. బెల్ బాక్సు ఒక్కటే మిగిలింది. గృహప్రవేశం రోజు చుట్టాలు భోజనాలకి కూర్చునేలోపు అది గోడమీద ఉండాలని ఆయన పట్టు. అది శుక్రవారం. భాయ్‌కి మధ్యాహ్నం నమాజు వదులుకోవడం ఇష్టం ఉండదు. డబ్బాలోపలి టంకాలన్నీ ముందురోజే తన చేత్తో వేసి, మూత పెట్టి నాకిచ్చాడు.

"రేపు నువ్వే మేస్త్రీవి. పిన్ను చివర్న పెట్టు. కోయించకుండా రావద్దు" అన్నాడు.

నేను మొదటిసారి ఒంటరిగా వెళ్ళడం. మంచి చొక్కా వేసుకుని వెళ్ళాను. ఇల్లంతా మామిడాకులు, బంతిపూలు, చుట్టాలు. వెళ్ళేసరికి పాలు పొంగించడం అయిపోయింది. మా షాపు నిచ్చెన బస్సులో ఎక్కదు కాబట్టి షామియానా వాళ్ళది అడిగి పుచ్చుకున్నాను. డబ్బా గోడకి బిగించాను. ప్యానెల్ వైరు తగిలించాను. ఇక పిన్ను పెట్టడమే తరువాయి అనగా కిందనుంచి ఇంటాయన కేకేశాడు. బావగార్లు, తోడల్లుళ్ళు అందరూ వాకిట్లో ఉన్నారు, ఒకసారి మోగించి చూపించమన్నాడు. మూతకి ఒక స్క్రూ తగిలించి దిగాను. లోపలికెళ్ళి ప్యానెల్ నొక్కితే గంట దద్దరిల్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది ప్యానెల్ కరెంటుతో మోగిన మోత. డబ్బాలో బ్యాటరీ పిన్ను ఇంకా వేలాడుతూనే ఉంది.

అప్పుడు నేను ప్లయరు తీసి, ఇంటివాళ్ళు ఎవరైనా రండి, వైరు కొయ్యాలి అన్నాను. ఇంటాయన వాళ్ళమ్మగారు గుమ్మంలో ఉన్నారు. పెద్దావిడ ముఖం మారిపోయింది.

"పాలు పొంగించి పూటన్నా గడవలేదు, అప్పుడే ఇంట్లో తెంపడం ఏంటి నాయనా? రేపు కోసుకో, ఎల్లుండి కోసుకో. ఇవాళ మాత్రం నా గడపలో ఏదీ తెగడానికి వీల్లేదు."

ఇంటాయన నావైపు చూసి, అమ్మ మాట కాదనలేనండీ, మోగింది కదా చాలు, ముందు భోజనం చెయ్యండి అన్నాడు. సరేనని కూర్చున్నాను. పూర్ణాలు, పులిహోర, గుమ్మడికాయ దప్పళం. ఆ దప్పళం రెండోసారి వేయించుకున్నాను కూడా. లేచి చూసేసరికి షామియానా వాళ్ళు నిచ్చెన తీసుకుని ఇంకో వీధికి వెళ్ళిపోయారు. పిన్ను పెట్టాలంటే వాళ్ళకోసం కాచుకోవాలి. ఆ సాయంత్రం ఫస్టు షోకి నా స్నేహితులు నాకూ టిక్కెట్టు తీసి ఉంచారు. వచ్చేవారం ఎలాగూ కోతకి రావాలి, అప్పుడు పిన్ను కూడా పెట్టేద్దాం అనుకున్నాను. బస్సెక్కాను. నిజంగా వచ్చేవారం వెళదామనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున షాపు తాళం తీస్తూ భాయ్ అడిగాడు, మోగిందా అని. మోగిందన్నాను. అందులో అబద్ధం లేదు.

"ఎవరు కోశారు?"

నాకు ఒకే ఒక్క ముఖం గుర్తొచ్చింది. "పెద్దావిడ, భాయ్. వద్దు వద్దంటూనే ఆవిడే కోసింది."

ఆయన ముఖం వెలిగిపోయింది. తాళం చేత్తో పట్టుకుని అలాగే నిలబడి, ఎలా కోసింది, ఏమంది అని అడిగాడు. నేను కల్పించి చెప్పాను. ఆవిడ పమిట చెంగు నడుముకి దోపుకుందనీ, గంట మోగగానే ఉలిక్కిపడి మనవడిని కావిలించుకుందనీ చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. భాయ్‌కి ఆ కథ ఎంత నచ్చిందంటే వెళ్ళిన ప్రతి ఇంట్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరైనా కొయ్యడానికి జంకితే, "కంకిపాడులో పెద్దావిడ పమిట చెంగు దోపుకుని కోసిందండీ, మీకేం భయం" అనేవాడు. నేను పక్కన నిలబడి స్క్రూలు ఏరుకునేవాణ్ణి. ఇక వచ్చేవారం కంకిపాడు వెళ్ళి కోత కోయిస్తానని ఏ ముఖంతో అడగను? కోసేసిన వైరుని మళ్ళీ దేనికి కొయ్యడం? అలా వారం నెల అయింది, నెల మరుపయింది.

ఆ మాఘమాసంలో ఆ ఇంటివాళ్ళంతా హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో వాళ్ళంతా భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ, ఎవరో వెనక గోడ దూకి, మేడ మీదికెక్కి, పిట్టగోడ వెంట వెళ్ళే వైరు కోసేసి, వెనక తలుపు పగలగొట్టారు. పట్టుచీరలు, టేప్‌రికార్డరు, పూజగదిలో వెండి మొత్తం పోయింది. అందులో పెద్దావిడ పుట్టింటి వెండి చెంబు కూడా ఉంది. ఎదురింటి అరుగు మీద ఒకాయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడట. గంట మోగి ఉంటే ఒక్క కేకతో వీధి లేచేది.

మర్నాడు ఇంటాయన షాపుకి ఫోను చేశాడు. తిట్టలేదు. "భాయ్ గారూ, మీ గంట మోగలేదండీ" అన్నాడట. అంతే.

ఇద్దరం వెళ్ళాం. ఇంటాయన తన కొట్టునుంచి తెప్పించిన నిచ్చెన గోడకి ఆనించి భాయ్ ఎక్కబోతుంటే, మోకాళ్ళ నొప్పులు కదా, నేనెక్కుతానన్నాను. ఆయన అందులో నా ప్రేమ చూశాడు. మూత విప్పాను. పిన్ను నేను వదిలినచోటే వేలాడుతోంది. దానిమీద కందిరీగ మట్టితో గూడు కూడా కట్టుకుంది. ఆ పిన్ను నుంచి వెళ్ళిన ఎర్రవైరు కొసన భాయ్ టంకం, పెసరగింజంత, నున్నగా మెరుస్తూ ఉంది.

కిందనుంచి భాయ్ గొంతు వినపడింది. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నా టంకం ఊడిందా?"

ఆయన పక్కనే ఇంటాయన, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. నేను ఆ ఎర్రవైరు పట్టుకుని లాగాను. ఎందుకు లాగానో మీకు చెప్పనక్కర్లేదు. ఊడి చేతిలోకి వచ్చేస్తే నేను చెప్పబోయే మాట అబద్ధం కాకుండా పోతుందని. గట్టిగా లాగాను. వేలికి చుట్టుకుని లాగాను. అది కదల్లేదు.

"ఊడింది భాయ్" అన్నాను.

మళ్ళీ వేసేస్తాను, ఐరన్ పంపించమన్నాను. కిటికీలోంచి కరెంటు తీగ లాగి టంకం ఐరన్, టంకం పట్టడానికి రాసే రోజిన్ ముద్ద పైకి అందించాడు భాయ్. వేడెక్కిన ఐరన్‌ని ఆ టంకం మీద ఆనించడానికి నాకు చెయ్యి రాలేదు. రోజిన్ ముద్ద మీద పెట్టాను. పొగ లేచింది, వాసన వచ్చింది. కిందవాళ్ళకి అది చాలు. దొంగలు కోసిన వైరు అతికించి, గూడు గీకేసి, కొత్త బ్యాటరీ పెట్టి, చివర్న పిన్ను పెట్టాను.

ఈసారి ఇంటాయన కోశాడు. గంట మోగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

భాయ్ ఇంటాయన ముందుకెళ్ళి నిలబడ్డాడు. "తప్పు నాదేనండీ. కుర్రాడు సరిగ్గానే బిగించాడు. నా టంకమే ఊడింది. ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదనుకుంటా." ఇంటాయన ఏమనాలో తెలియక, పోనీలెండి, మన ప్రాప్తం అన్నాడు.

ఇంతలో పెద్దావిడ లోపల్నుంచి గ్లాసులతో మజ్జిగ తెచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. అయినా ఇంటికొచ్చిన పనివాళ్ళకి ఎండలో మజ్జిగ ఇవ్వడం మర్చిపోలేదు. భాయ్ గ్లాసు అందుకుంటూ, "అమ్మా, ఆ రోజు మీరు..." అని మొదలుపెట్టాడు. "భాయ్, బస్సొస్తోంది" అన్నాను. బస్సు ఏదీ రావడం లేదు. ఆయన మజ్జిగ గడగడా తాగేసి, ఆవిడకి నమస్కారం పెట్టి నా వెంట నడిచాడు.

ఆయనకి దాచుకునే అలవాటు లేదు. పెద్దావిడ కథ ఎలా చెప్పేవాడో ఇదీ అలాగే చెప్పాడు. బెజవాడలో ఈ పని చేసేవాళ్ళు అప్పట్లో పట్టుమని పాతికమంది లేరు, అందరూ ఆయన్ని ఎరిగినవాళ్ళే. "జాగ్రత్తరా, కంకిపాడులో నా టంకమే ఊడిపోయింది, మీరెంత" అనేవాడు. అలా పుట్టింది ఆ మాట. ఆయన హెచ్చరికగా అన్నదాన్ని లోకం ఎగతాళిగా మార్చుకుంది.

కంటి డాక్టరు దగ్గరికి భాయ్‌ని నేనే తీసుకెళ్ళాను. డాక్టరు అటూ ఇటూ లైటు వేసి చూసి, ఈ వయసుకి మీ కళ్ళు చాలా బాగున్నాయన్నాడు. బయటికొచ్చాక భాయ్, "డాక్టరు బాగున్నాయంటాడు, టంకం లేవంటుంది. నేను ఎవరి మాట నమ్మాలి?" అన్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆస్పత్రి మెట్ల మీద, ఎవరూ లేనప్పుడు. నోటిదాకా వచ్చింది. రిక్షా పిలిచాను.

ఆ తర్వాత ఆయన టంకం వెయ్యలేదు. ఒకరోజు తన ఐరన్‌ని గుడ్డతో తుడిచి నా బల్ల మీద పెట్టాడు. ఇక నువ్వే వెయ్యి అన్నాడు. ఉగాదికి ముందే షాపు మానేశాడు. ఆటోనగర్‌లో ఆయన బావమరిదికి లారీ సీట్ల కవర్లు కుట్టే షాపు ఉండేది. అక్కడ కూర్చుని రెక్సిన్ కత్తిరించే పనిలో పడ్డాడు. చుట్టూ అన్నీ ఒకప్పుడు ఆయన చేతిమీదుగా వెళ్ళిన పనులే, హారన్లు, డైనమోలు. ఆయన మాత్రం కత్తెర పట్టుకున్నాడు. అప్పుడప్పుడు కలిసేవాణ్ణి. టీ తాగేవాళ్ళం. ఉయ్యూరు బస్సు కథ మళ్ళీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. పెద్దావిడ కథ మాత్రం ఆయన ఎత్తేవాడు కాదు.

నేను సీనియర్నయ్యాను. ఆ తర్వాత బిగించిన ఏ ఒక్క డబ్బా కోయించకుండా వదల్లేదు. దానికి అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

కొన్నేళ్ళు గడిచాయి. సెల్‌ఫోన్లు వచ్చాయి. కంకిపాడు ఇంటాయన ఫోను చేశాడు. మేడ మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం, కొత్త రకం పెట్టించుకుంటాం, ఆ పాత డబ్బా తీసుకుపొమ్మన్నాడు. వెళ్ళాను. డబ్బా రంగు వెలిసి గులాబీ రంగులోకి వచ్చింది. దాన్ని దించి, సంచిలో పెట్టుకుని, మీ అమ్మగారు బాగున్నారా అని అడిగాను.

"అమ్మ పోయి రెండేళ్ళయిందండీ. పోయేదాకా అదే బాధ. ఆ రోజు ఆ అబ్బాయిని వైరు కొయ్యనిచ్చి ఉంటే అప్పుడే తెలిసిపోయేది కదా, నా చాదస్తం వల్లే ఇల్లు దోచుకుపోయారు అనేది. ఎంత చెప్పినా వినేది కాదు."

నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఆయనకి మొత్తం చెప్పాను. పిన్ను, నిచ్చెన, సినిమా, అన్నీ. ఆయన కాసేపు నావైపు చూశాడు. "అమ్మ ఉండగా చెప్పాల్సిందండీ" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన అన్నది నిజం.

అక్కడినుంచి ఇంటికి వెళ్ళలేదు. బెంజి సర్కిల్‌లో దిగి ఆటో ఎక్కి సరాసరి ఆటోనగర్ వెళ్ళాను. ఎర్రటి ఎండ. భాయ్ సీటు కవర్ల షాపు అరుగు మీద, ముక్కు మీద కళ్ళజోడుతో, నల్ల రెక్సిన్ గీతల వెంట కత్తిరిస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి నవ్వి, పక్కన చోటు చేశాడు. నేను కూర్చోలేదు. డబ్బా తీసి ఆయన ముందు పెట్టి, మూత విప్పాను.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. చూడలేదు, ముందు బొటనవేలితో తడిమాడు. మెలికల మీద, బొట్టు మీద.

"ఇది నాది" అన్నాడు. వైరు పట్టుకుని లాగాడు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. నావైపు తలెత్తాడు. "ఇది ఊడలేదే."

"ఊడలేదు భాయ్. ఎప్పుడూ ఊడలేదు. నేను పిన్ను పెట్టలేదు."

పక్క షాపులో ఎవరో లారీ హారన్ పరీక్ష చేస్తున్నారు. అది ఆగేదాకా ఆయన వైరు వదల్లేదు. ఆగాక అడిగాడు.

"మరి పెద్దావిడ కోసినప్పుడు ఎలా మోగింది?"

"ఆవిడ కొయ్యలేదు భాయ్."

ఆయన ముఖంలో అప్పుడు కనిపించినదాన్ని నేను చెప్పలేను. టంకం విషయం కంటే ఆ కథ పోయినందుకే ఎక్కువ దెబ్బ తగిలినట్టుంది. ఎన్ని ఇళ్ళలో చెప్పాడో గుర్తు చేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"డాక్టరు నిజమే చెప్పాడన్నమాట" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపాడు. లేచి, చెప్పులు వేసుకుని, పక్క బ్యాటరీల షాపుకి వెళ్ళాడు. రెండు పాత మోటార్‌సైకిలు బ్యాటరీలు పట్టుకొచ్చాడు. ఒకటి ప్యానెల్ బదులు బయట పెట్టాడు, ఇంకోటి డబ్బాలోపలి బ్యాటరీ బదులు. గంటమీది తుప్పు ఉప్పుకాగితంతో రుద్దాడు. అరుగు మీద గొంతుక్కూర్చుని, వైర్లు ఒక్కొక్కటే తగిలించాడు. ఇన్నేళ్ళు రెక్సిన్ కోసిన వేళ్ళు ఎక్కడా తడబడలేదు. అన్నీ అయ్యాక పిన్ను మిగిలింది. చివర్న. దాన్ని నావైపు తోశాడు.

"పెట్టు."

పెట్టాను. సరిగ్గా దిగిందో లేదో రెండుసార్లు నొక్కి చూశాను.

సంచిలోంచి ప్లయరు తీశాను. కొయ్యడానికి వంగాను. ఆయన చెయ్యి చాపి నా ముందు పట్టుకున్నాడు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఏ ఇంట్లోనైనా ప్లయరు ఎవరి చేతికివ్వాలో. ఇచ్చేశాను.

భాయ్ వైరు కోశాడు.

గంట మోగింది. గోడమీద ఉన్నప్పటికంటే గట్టిగా మోగింది, అరుగు అదిరింది, కత్తెర జరిగి కింద పడింది. అది ఆటోనగర్. హారన్లు, రేకులు కొట్టే సుత్తులు, ఇంజన్లు. అంత మోతకి ఒక్క తల కూడా మావైపు తిరగలేదు.

కాసేపటికి నేను పిన్ను తీయబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు. మోగనీ" అన్నాడు.